రేకు రోబో, దాని అట్టపెట్టె

మీ చిన్నప్పుడు ఇంట్లో షోకేసు ఉండేదా? మాకుండేది. హాల్లో గోడవారగా, జరిపే అద్దాల తలుపులతో. అందులో పింగాణీ కప్పుల సెట్టు, తిరుపతి నుంచి తెచ్చిన చెక్కబొమ్మలు, నాన్నగారికి ఆఫీసులో ఇచ్చిన షీల్డు. అన్నిటికీ పైన, పిల్లల చెయ్యందని అరలో ఒక రోబో.

అడుగెత్తు ఉంటుంది. రేకు ఒళ్ళు, ప్లాస్టిక్ చేతులు. సెల్లులు వేసి మీట నొక్కితే నాలుగడుగులు వేసి ఆగేది. ఛాతీ మీది రెండు తలుపులూ తెరుచుకుని లోపల తుపాకులు ఎర్రలైటుతో టకటకలాడేవి. నడుము పైభాగం గిర్రున తిరిగి, మళ్ళీ నడక. 1983లో మా చిన్నమావయ్య కువైట్ నుంచి మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు మా తమ్ముడి కోసం తెచ్చాడు. వాడికప్పుడు ఆరేళ్ళు, నాకు తొమ్మిది.

తెచ్చింది వాడి కోసమే గానీ అది బయటికొచ్చేది ఏడాదికి మూడు రోజులే. సంక్రాంతి బొమ్మల కొలువులో కొండపల్లి దశావతారాల పక్కన నిలబెట్టేవాళ్ళం. పేరంటానికి వచ్చినవాళ్ళు అడిగితే నాన్నగారు టార్చిలైటులోంచి రెండు సెల్లులు తీసి వేసి నడిపించేవారు. కనుమ దాటగానే మళ్ళీ షోకేసు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం తమ్ముడు స్టూలెక్కి దాన్ని దించాడు. ఎడమపక్క తలుపు ఊడిపోయింది. ఆ రోజు అమ్మ చేతిలో తిన్న దెబ్బలు వాడికి ఇప్పటికీ గుర్తే.

నాన్నగారు పోయాక అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. షోకేసు సామానంతా మా అటకెక్కింది. పోయిన డిసెంబరులో తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, ఆ రోబో ఉందా? పాత రేకు రోబోలు లక్షలు పలుకుతున్నాయట!"

వాడికది కూతురి కాలేజీ ఫీజు కట్టాల్సిన నెల. ఉందిరా అన్నాను. ఆ రాత్రి అందరూ పడుకున్నాక, అసలీ లక్షల కథేమిటో చూద్దామని చదవడం మొదలుపెట్టాను.

నిజమే, కొన్ని పలుకుతున్నాయి. ఎక్కువమంది వెతికేవి జపాన్ బొమ్మలు. యుద్ధంలో ఓడిపోయిన జపాన్‌లో ఇనుముకీ రేకుకీ కటకట. 1945లోనే ఓత్సు అనే ఊళ్ళో కొసుగే మత్సుజో అనే ఆయన అమెరికా సైనికులు పారేసిన డబ్బాల రేకుతో చిన్న జీపు బొమ్మ చేసి అమ్మాడు. అక్కణ్ణుంచి ఆ పరిశ్రమ మళ్ళీ లేచింది. రేకు మీద ముందే రంగులు అచ్చువేసి, ముక్కలు కత్తిరించి, అంచుల్లో వదిలిన చిన్న చెవుల్ని చీలికల్లోకి దూర్చి మడిచేవారు. ఆ బిగింపు పనుల్లో కొంత ఇళ్ళల్లో ఆడవాళ్ళు ముక్కకింత అని చేసేవారట. వంటపని అయ్యాక బీడీలు చుట్టే మన ఆడవాళ్ళు గుర్తొచ్చారు నాకు.

రోబోల్లో పాతదని చెప్పుకునేది పసుపురంగు లిల్లీపుట్. కీ ఇస్తే నడిచే బుల్లి బొమ్మ. అదెప్పుడు పుట్టిందన్నది సేకర్తల మధ్య ఇప్పటికీ వాదనే. 1956లో 'ఫర్బిడెన్ ప్లానెట్' సినిమాలో రాబీ అనే రోబో వచ్చాక జపాన్ కంపెనీలు దాన్ని పోలినవి బోలెడు చేశాయి. నొమురా వాళ్ళది వాటిలో బాగా పేరున్నది. అన్నిటికంటే పెద్ద పేరు మసుదయా కంపెనీ చేసిన ఐదు రోబోలది. ఒక్కొక్కటీ పదిహేను అంగుళాల ఎత్తు, పరికిణీ కట్టినట్టు కిందికంటా ఒకే డబ్బా ఒళ్ళు. తీగ లేకుండా రిమోటుతో నడిచేది ఒకటి, గోడకి కొట్టుకుంటే తనే పక్కకి తిరిగేది ఒకటి, రైలులా కూతపెట్టేది ఒకటి, ఛాతీ మీద గురిబిళ్ళ ఉన్నది ఒకటి. ఐదోది మెషీన్ మ్యాన్. అది కంపెనీ కేటలాగులో కూడా లేదు. దొరికినవి చాలా కొద్ది. వేలంలో పదుల వేల డాలర్లు పలికింది. యొకొహామాలో కితహారా తెరుహిసా అనే సేకర్త 1986లో రేకు బొమ్మలకి ఏకంగా మ్యూజియమే పెట్టాడు.

ఇంకో సంగతి కూడా తెలిసింది. బొమ్మతోపాటు దాని అట్టపెట్టె ఉంటే ధర బాగా పెరుగుతుంది. పెట్టె నలగకుండా, బొమ్మ మీద గీత పడకుండా ఉంటే ఇంకా ఎక్కువ. అంటే ఏ పిల్లాడూ ఆడని బొమ్మకే విలువన్నమాట! ఈ లెక్కన మా అమ్మ పెద్ద సేకర్తే అనుకుని నవ్వుకున్నాను.

మర్నాడు అటక మీంచి దింపాను. పెట్టె కూడా దొరికింది. ఫొటోలు తీసి తమ్ముడికి పంపితే, వాడు బెంగళూరులో పాత బొమ్మలు కొనే ఒకాయనకి పంపాడు. రెండు రోజుల్లో జవాబొచ్చింది. వీపు మీద ఎస్‌హెచ్ అని ఉంది కాబట్టి హొరికావా కంపెనీది. ఈ రకం ఏళ్ళ తరబడి చేశారు, చాలా దొరుకుతాయి. తలుపొకటి లేదు. సెల్లులు కారి లోపల తుప్పు పట్టింది. పెట్టె ఉంది గానీ దానిమీద బాల్‌పెన్నుతో రాశారు. రెండూ కలిపి ఇస్తే నాలుగైదు వేలు రావచ్చు.

తమ్ముడు ఆ ఆదివారం వచ్చాడు. అమ్మకదే కబురు చెప్పి, "సరేలే, నా బొమ్మ నేను పట్టుకుపోతా" అన్నాడు.

"నీ బొమ్మేంట్రా?" అంది అమ్మ.

అంతే. నలభై ఏళ్ళనాటిది బయటికొచ్చింది. "మావయ్య తెచ్చింది నాకే కదా? ఒక్కరోజన్నా ఆడనిచ్చావా? వచ్చేపోయే వాళ్ళకి చూపించుకోడానికేగా దాచావు?" అన్నాడు. జుట్టు నెరిసిన మనిషి, గొంతు వణికింది. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాను.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత పెట్టె ఒళ్ళో పెట్టుకుని దానిమీది రాత చూపించింది. 'చి. బుజ్జిగాడికి, మావయ్య దీవెనలతో.'

"మొదట్లో పాడవుతుందనే దాచాన్రా. తొంభైలో మాత్రం అందుకు కాదు" అంది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. అక్కడ మనవాళ్ళు లక్షా డెబ్భై వేలకి పైగా ఉన్నారు. జోర్డాన్‌లోని అమ్మాన్ దాకా బస్సుల్లో చేరుకుంటే ఎయిరిండియా విమానాలు బొంబాయికి తెచ్చాయి. మావయ్య సంగతి మాకు రెండు నెలలు తెలియలేదు. రేడియో వార్తలు, పోస్ట్‌మాన్ కోసం ఎదురుచూపులు. అమ్మ రోజూ సాయంత్రం దీపం పెట్టాక షోకేసు తలుపు జరిపి ఆ రోబోని పైటకొంగుతో తుడవడం నేను చూశాను. దుమ్ము పడుతోందేమో అనుకున్నాను. అక్టోబరులో ఒక చేతిసంచీతో మావయ్య దిగాడు. తొమ్మిదేళ్ళ కష్టం, సామాను, రావలసిన జీతం అన్నీ అక్కడే ఉండిపోయాయి. మళ్ళీ వెళ్ళలేదు. ఆ తొమ్మిదేళ్ళలో మా ఇంట్లో మిగిలిన వస్తువు ఇదొక్కటే.

తమ్ముడు మావయ్యకి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాడు. ఆయన ఊళ్ళోనే ఉంటాడు, డెబ్భై దగ్గర పడ్డాడు. విషయం విని నవ్వాడు. "మూడు రోజుల జీతం పోసి కొన్నాన్రా అది. ఆడుకుంటావని తెచ్చాను గానీ దాచమని తెచ్చానా? అక్కయ్యా, ఇంకా ఇవ్వలేదా వాడికి?"

రోబో అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ రాత్రి చదువుల్లోనే తెలిసింది. కారెల్ చాపెక్ అనే చెక్ రచయిత 1920లో రాసిన నాటకంలోది. వాళ్ళ భాషలో 'రొబోటా' అంటే వెట్టిచాకిరీ. ఎడారి ఎండలో వైరింగు పనిచేసిన మావయ్య గొంతు వింటుంటే ఆ మాట గుర్తొచ్చింది. ఆయనతో మాత్రం అనలేదు.

చివరికి అమ్మే తీర్పు చెప్పింది. బొమ్మ వాడికి, పెట్టె తనకి. రెండూ కలిసి ఉంటేనే ధర అన్నాడు బెంగళూరాయన. మా ఇంట్లో విడదీస్తే గానీ ఎవరిది వాళ్ళకి అందలేదు. ఫీజు సంగతంటారా, వాడు చిట్టీ పాడి కట్టేశాడు. తుప్పు గీకి కొత్త సెల్లులు వేశాడట. నడవదు గానీ ఉన్న ఒక్క తలుపూ తెరుచుకుంటోందని వీడియో పంపాడు. వెనకాల వాడి కూతురి నవ్వు వినిపిస్తోంది. పెట్టె అమ్మ బీరువాలో పట్టుచీరల మధ్య ఉంది.

మీ అటక మీద కూడా ఇలాంటిదేదో ఉండే ఉంటుంది. ఉంటే ముందు సెల్లులు తీసెయ్యండి, కారితే లోపలంతా తినేస్తాయి. తడిగుడ్డతో రుద్దకండి, పొడి మెత్తటి గుడ్డ చాలు. రాలిన రంగు మళ్ళీ వెయ్యకండి. అమ్మాలనుకున్నా తప్పేం లేదు, కాకపోతే దాని ఫొటో కంపెనీకో కొనేవాళ్ళకో పంపేముందు ఇంట్లో పెద్దవాళ్ళకి చూపించి ఎవరు తెచ్చారో, ఎలా తెచ్చారో అడగండి. మా అమ్మ చెప్పడానికి ముప్ఫై నాలుగేళ్ళు పట్టింది, మేం అడగకపోతే అదీ చెప్పేది కాదు.