గాలికి తగిన జెట్టు

పాత మోటారు సైకిలు గల యింటిలో రెండు తెగలవారుందురు: దానిని అమ్మివేయుడనువారొకరు, బాగుచేసికొందమనువారొకరు. మేము రెండవ తెగవారము. మా తండ్రిగారి యనంతరము మాకు వచ్చిన 1984వ సంవత్సరపు 350 బుల్లెట్టు మీదనే నేటికిని పాఠశాలకు వచ్చుచున్నాము. అందుచేత బాలురు మమ్ము తరచుగా నడుగు ప్రశ్న యొకటి గలదు: "మాస్టారుగారూ, బజారులో దొరకు శంకువు ఆకారపు ఎయిర్ ఫిల్టరు బిగించినచో బండి జోరు హెచ్చునా?" మా యుత్తర మెప్పుడును ఒక్కటియే. ఫిల్టరు నొక్కదానినే మార్చరాదు. మార్చినచో కార్బురేటరులోని జెట్టును గూడ దానికి తగినట్లు మార్చవలెను. ఏల యట్లు చేయవలెనో యిచట వివరింతుము.

ఈ బుల్లెట్టు బండ్లు మద్రాసు చెంతనున్న తిరువొత్తియూరులో తయారైనవి. 350 బండి సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు. పిస్టను నడక 90 మిల్లీమీటర్లు. ఘనపరిమాణము 346 ఘన సెంటీమీటర్లు. నాలుగు నడకల ఇంజను గావున రెండు చుట్లకొకమారు గాలిని పీల్చును. నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు 1500 మారులు పీల్చును. ప్రతిమారును సిలిండరు పూర్తిగా నిండుననుకొన్నచో నిమిషమునకు 519 లీటర్ల గాలి కావలెను! ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 గ్రాముల గాలి పట్టును. మిక్కిలి బలము కావలసినప్పుడు ఆ పెట్రోలుకు 12.5 లేక 13 గ్రాముల గాలి చాలును. అనగా పెట్రోలు పాలు కొంచెము హెచ్చుగా నుండవలెను.

ఈ పాళ్లను కుదుర్చునది కార్బురేటరు. దాని గొంతు నడుమ సన్నముగా నుండును. సన్నని చోట గాలి వడిగా పోవును. వడి హెచ్చిన చోట పీడనము తగ్గును. ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడైన వెంచూరి (1746–1822) పేరిట ఆ గొంతును వెంచూరి యందురు. క్రింది గిన్నెలోని పెట్రోలుపై బయటి గాలి పీడనముండును. ఈ రెండు పీడనముల భేదమే పెట్రోలును జెట్టు రంధ్రము గుండ పైకి నెట్టును.

ఇక ఫిల్టరు సంగతి. పెట్టెలోనుండు పాత ఫిల్టరు గాలిని కొంత యడ్డగించును. ఆ యడ్డు వలన కార్బురేటరు గొంతులో పీడనము మరికొంత తగ్గి, పెట్రోలు మరికొంత పైకి వచ్చును. తయారుచేసినవారు ఈ యడ్డును లెక్కలో వేసికొనియే జెట్టు నేర్పరచిరి. పెట్టెను తీసి, గాలికి సులభముగా దారియిచ్చు ఫిల్టరు బిగించినచో ఆ యడ్డు పోవును. గాలి హెచ్చును గాని పెట్రోలు తగినంత హెచ్చదు. దుమ్ముతో పూడిన ఫిల్టరు దీనికి వ్యతిరేకము: పెట్రోలు హెచ్చి నల్లని పొగ వచ్చును. పెట్రోలు చాలనప్పుడు ఇంజను వేడెక్కును, ఎత్తు మీద టకటకమని కొట్టుకొనును. ముదిరినచో పిస్టను సిలిండరులో పట్టివేయును.

గత వేసవిలో మా పదవ తరగతి బాలుడొకడు తాను కూడబెట్టుకొన్న డబ్బుతో అట్టి ఫిల్టరు కొని తన యన్నకు బహుమానముగా నిచ్చెను. ఆ యన్న బుల్లెట్టుకు పాల క్యానులు కట్టి, ప్రతిదినము తెల్లవారుజామున పట్టణమునకు పాలు చేరవేసి యిల్లు గడుపువాడు. పది దినములకే చెరువుకట్ట యెక్కుచోట ఇంజను పట్టివేసి, చల్లారిన పిమ్మట గాని కదలలేదు. ఇట్లే నడిపినచో బోరు చేయింపక తప్పదని మెకానిక్కు చెప్పెను. అది వారి నెల సంపాదనకు దాదాపు సమానము. బాలుడు ముఖము చిన్నబుచ్చుకొని మా యొద్దకు వచ్చెను.

పాత పెట్టెను మరల బిగించుట సులభమని మేమంటిమి. అన్న కొంతసే పూరకుండి, "తమ్ముడు ప్రేమతో తెచ్చినదండీ. తీయుటకు మనసొప్పుట లేదు. దీనికి తగినట్లు చేయు దారి యుండినచో చెప్పుడు" అనెను.

దారి గలదు. మొదట కార్బురేటరుకు ఇంజనుకు నడుమనున్న అతుకులో గాలి చొరబడుట లేదనియు, ట్యాంకు నుండి పెట్రోలు ధారాళముగా వచ్చుచున్నదనియు చూచితిమి; ఏలయనగా ఆ లోపములును ఇవే గుర్తులు చూపును. పిమ్మట స్పార్కు ప్లగ్గు విప్పగా దాని మొన సున్నమువలె తెల్లగా నుండెను. మెయిన్ జెట్టును ఐదంకెలు పెద్దదానిని వేసి, నిర్జనమైన తిన్నని బాటలో పూర్తి రేసుతో కొంత దూరము నడిపించి, ఒక్కసారిగా ఇంజను ఆపించి ప్లగ్గు చూచితిమి. ఇంకను తెలుపే. రెండవ జెట్టుకు బూడిద రంగు; మూడవదానికి బిస్కత్తు రంగు వచ్చెను. అదియే కావలసినది. మసివలె నల్లనైనచో పెట్రోలు మిక్కుటమై సిలిండరు గోడల నూనెను కడిగివేయును.

అయితే మెయిన్ జెట్టు ముఖ్యముగా ముప్పాతికకు మించిన రేసులో పనిచేయును. పాలబండి పావునకు ముప్పాతికకు నడుమ నడచును; అచట సూది ప్రధానము. సూది క్లిప్పును ఒక గాడి క్రిందికి దింపగా సూది పైకి లేచి, పెట్రోలుకు దారి పెరిగెను. ఒక్కొక్కమారు ఒక్క మార్పే చేసి, ప్రతిదానిని బాలునిచేత నోటుబుక్కులో వ్రాయించితిమి. ఇంజను చల్లబడెను, కొట్టుకొనుట మానెను.

నెల గడచిన పిదప బాలుడా పుస్తకమునే తెచ్చి మాకు చూపెను. లీటరుకు 35 కిలోమీటర్లు పోవు బండి 32 మాత్రమే పోవుచుండెను. దినమునకు 40 కిలోమీటర్ల చొప్పున నెలకు మూడు లీటర్లకు పైగా అన్నకు అదనపు ఖర్చని వాడే లెక్కగట్టెను. "నా బహుమానమునకు అన్నయే వెల యిచ్చుచున్నాడండీ" అని, తానే పాత పెట్టెను బిగింపుమని అన్నను వేడుకొనెను. వానలు రాగానే వారట్లే చేసిరి. పాత జెట్టు సంఖ్యయు, సూది గాడియు పుస్తకమున నుండుటచే ఆ పని గంటలో ముగిసెను. ఆ ఫిల్టరును అన్న శుభ్రపరచి గుడ్డలో చుట్టి దాచియుంచినాడు.

2020 ఏప్రిల్ నుండి మన దేశమున కఠినమైన పొగ నిబంధనలు వచ్చినందున, క్రొత్త మోటారు సైకిళ్లలో పెట్రోలు పాళ్లను చాలవరకు విద్యుత్ పరికరమే కుదుర్చుచున్నది. పాత బండిగలవారికి మాత్రము ఈ పని చేతితోనే చేసికొనక తప్పదు. వారికి మా మనవి యిది: ఫిల్టరు మార్చినప్పుడు జెట్టును మార్చుడు, పాత ఫిల్టరు మరల పెట్టినప్పుడు పాత జెట్టును మరువకుడు. మన దుమ్ము బాటలలో ఫిల్టరు లేకుండ ఒక్క దినమైనను నడపకుడు. తీసిన భాగమునకు చీటి కట్టి దాచుడు. చేసిన మార్పును ఆనాడే వ్రాసికొనుడు.