మొదటి గడిలో ఏది?

మా ఇల్లు అలిపిరికి దగ్గర. రాత్రిపూట డాబా ఎక్కితే కొండ మెట్లదారి దీపాలు వరసగా కనిపిస్తాయి. అక్కడ కూర్చునే మా అమ్మాయీ, నేనూ వారం రోజులు పోట్లాడుకున్నాం. విషయం చిన్నదే. ఇంజనీరింగ్ కౌన్సెలింగుకి వెబ్ ఆప్షన్లు పెట్టాలి గదా, మొదటి గడిలో ఏ కాలేజీ?

నేను బి.ఏ. చదివినదాన్ని. నా నవలల్లో హీరోలు చాలామంది ఇంజనీర్లే గాని, ఆఫీసులో వాళ్ళేం చేస్తారో ఎన్నడూ రాయలేదు. తెలిస్తే గదూ! అయినా తల్లిని కనుక సలహా సిద్ధంగానే ఉంది. మొదటిది మన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం కాలేజీ. 1959 నాటిది, కారియరు పంపినా అన్నం చల్లారదు. రెండోది 1983లో ఆడపిల్లల కోసమే పెట్టిన పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం. మూడోది అనంతపురం. దూరమైనా సీమే!

అది రాసుకున్నది వేరు. విశాఖపట్నం, ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఓడల నిర్మాణం!

“ఏమే, చెరువు నిండితేనే పండగ చేసుకునేవాళ్ళం, మనకు ఓడలేందే?” అన్నాను.

“సీమ పిల్లలు ఓడలు కట్టగూడదని యాడన్నా రాసుండాదా?” అంది. 1948లో ‘జలఉష’ను కట్టి నీళ్ళలోకి వదిలింది విశాఖలోనేనని పాఠం కూడా చెప్పింది.

“కంప్యూటరంటే సంబంధాలొస్తాయి గాని, ఓడలంటే ఎవురొస్తారు మ్మా?” అని పక్కింటి పెద్దమ్మ బెంగ.

నాకో ధైర్యం ఉంది. విశ్వవిద్యాలయ ప్రాంతాన్ని బట్టి నూటికి 85 సీట్లు స్థానికులవి. తిరుపతి పిల్ల విశాఖలో చేరాలంటే మిగిలిన 15లో, అదీ అక్కడి పిల్లలతో పోటీపడి, చోటు దక్కించుకోవాలి. అందుకే మెత్తగా అన్నాను: “మన ఊరిది మొదట పెట్టు, విశాఖ రెండోది పెట్టు. నీ మాటా ఉంటుంది.”

అది నా వంక జాలిగా చూసింది. “పైనుంచి వరసగా చూసుకుంటా వస్తారమ్మా. మొదటిది దక్కితే రెండోదాని మొహం కూడా చూడరు. వచ్చేదాన్ని గాదు, కావాల్సినదాన్ని పైన పెట్టాల. అది రాకుంటే కిందిది ఉండనే ఉండాది.”

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

డిగ్రీ కాగానే ఎం.ఏ.కి హైదరాబాదు పోవాలనుకున్నాను. దరఖాస్తు కూడా తెప్పించుకున్నాను. ఇంట్లో ఎవరూ వద్దనలేదు. వాళ్ళు వద్దంటారేమోనని నేనే దాన్ని మడిచి చీరల అడుగున దాచేశాను. తర్వాత పెళ్ళయింది. ఇన్నేళ్ళూ “మావాళ్ళు పంపలేదు” అని చెప్పుకుంటూ వచ్చాను. నిజానికి నేను అడిగిందెప్పుడు? నా పట్టికలో మొదటి గడి ఎప్పుడూ సులువుగా వచ్చేదే.

తెల్లవారుజామున ఇద్దరం అలిపిరి మెట్లెక్కాం. పాదాల మండపం దగ్గర దండం పెట్టుకుని బయలుదేరితే 3,550 మెట్లు. మోకాళ్ళ పర్వతం దగ్గరికొచ్చేసరికి నా ప్రాణం గొంతులోకొచ్చింది.

“శ్రీవారి మెట్టు దారిన పోయుంటే 2,388తో అయిపోయేది గదే!”

“దగ్గరదనే అంటావు గాని, నాకే దారి ఇష్టమో అడగవు” అంది, చెయ్యందిస్తూ.

నవ్వింది గాని, నాకు తగలాల్సినచోటే తగిలింది.

ఇంటికొచ్చాక జాబితా నేనే చదివాను, అది నొక్కింది. మొదటి గడి, విశాఖపట్నం. చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం వణికింది. అది విననట్టే ఊరుకుంది. మంచి పిల్ల.

సీటెక్కడొస్తుందో ఏడుకొండలవాడికీ, ఆ కంప్యూటరుకీ తెలియాలి. నేను మాత్రం జాడీలోంచి ఆవకాయ తీసి ఒక సీసాకు పెట్టి, మూత గట్టిగా బిగించాను. ఊళ్ళోనే చదివేపిల్లకు అంత గట్టిగా బిగించక్కర్లేదు!