జత ఎంతక్కా?

మా బందరులో కిలో బొచ్చె ఎంత, కిలో శీలావతి ఎంత అని ఎవరినడిగినా టక్కున చెప్తారు. ఊరి పేరులోనే మచిలీ ఉంది మరి. రొయ్యలకైతే ఇంకా పక్కా లెక్క. కిలోకి 30 రొయ్యలు తూగితే ముప్పై కౌంట్, 100 తూగితే వంద కౌంట్. ఒక్కో కౌంట్‌కి ఒక్కో రేటు, అది పొద్దున్నే ఫోన్లలో తిరుగుతుంది. కానీ ఒక జత గప్పీలు ఎంతకివ్వాలి అంటే మాత్రం ఎవరి దగ్గరా సమాధానం లేదు. తినే చేపకి తూకం ఉంది. చూసుకునే చేపని దేంతో తూస్తాం?

నేను రెండేళ్ళ నుంచి మా డాబా మీద గప్పీలు పెంచుతున్నాను. గిలకలదిండి హార్బర్ దగ్గర అంచు విరిగిన పాత థర్మోకోల్ ఐస్ పెట్టెలు చవగ్గా దొరుకుతాయి. అవే నా ట్యాంకులు. మొత్తం పదకొండు పెట్టెలు, వెల్లకిలా పడుకోబెట్టిన ఒక పాత ఫ్రిజ్. బందరు, గుడివాడ, దివిసీమ కలిపి ఈ పిచ్చి ఉన్నవాళ్ళం ఓ పదిహేను మందిమి ఉంటాం. స్కూలు పిల్లల నుంచి రిటైరైన మాస్టారి దాకా. మాలో ఎవరికీ షాపు లేదు. ఒకరి దగ్గర ఎక్కువైనవి ఇంకొకరు తీసుకుంటారు. గుడివాడ బస్టాండ్‌లోనో, చల్లపల్లి సెంటర్‌లోనో నీళ్ళ కవర్లు చేతులు మారతాయి. చూసేవాళ్ళకి అనుమానం వస్తుంది లెండి.

ఊరికే ఇవ్వాలా, డబ్బులకివ్వాలా? డబ్బులకైతే ఎంత? మా మధ్య వచ్చే గొడవలన్నీ దీని చుట్టూనే.

సీఎస్‌ఈ కదా, నేను ముందు స్ప్రెడ్‌షీట్ తెరిచాను. నా దగ్గర ఒక ఫుల్ రెడ్ తల్లి చేప ఒకేసారి ముప్పై పిల్లల్ని పెట్టింది (గప్పీ గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది). కొన్నింటిని తల్లే తినేసింది, కొన్ని ఎండకి పోయాయి. మూడు నెలలకి 18 మిగిలాయి. వాటిలో రంగూ తోకా బాగున్నవి ఆరు జతలు, మిగతా ఆరు చేపలు మామూలువి. ఇక ఖర్చు. మేత, కోడిగుడ్డు పచ్చసొన, కొంచెం ఆర్టీమియా కలిపి 350 రూపాయలు. ఆర్టీమియా అంటే రొయ్యల హేచరీల్లో పిల్లలకి వేసేదే, మా వైపు తెలిసినవాళ్ళుంటే కాస్త దొరుకుతుంది. ఐదు వాట్ల గాలి మోటారు రాత్రీపగలూ తిరిగితే నెలకి 3.6 యూనిట్లు, మూడు నెలలకి దాదాపు 11 యూనిట్లు. 55 రూపాయలనుకుందాం. కల్లుప్పు, కవర్లు, రబ్బరు బ్యాండ్లు 75. మొత్తం 480. ఆరు జతలకి పంచితే జతకి 80.

బాదం ఆకులు ఇందులో వేయలేదు. నీళ్ళలో వేస్తే చేపలకి మంచిదని ఎండిన బాదం ఆకుల్ని ఆన్‌లైన్‌లో ప్యాకెట్ కట్టి మరీ అమ్ముతున్నారు. మా వీధిలో రోజూ ఊడ్చి పారేసేవి అవే. ఆ రేటు చూసి మా అమ్మ చాలాసేపు నవ్వింది.

నాగాయలంక దగ్గర వనామి వేసే మా బాబాయి ఈ షీట్ చూసి, "మరి నీ కూలి ఏదమ్మా ఇందులో?" అన్నాడు. అదీ వేశాను. రోజుకి ఇరవై నిమిషాలు, 90 రోజులంటే 30 గంటలు. గంటకి 50 రూపాయలేసుకున్నా 1500. అంటే జతకి ఇంకో 250. ఇప్పుడు జత 330 అయింది. ఆ రేటుకి నా దగ్గర ఎవరూ కొనరు, నేనూ ఎవరి దగ్గరా కొనను. కేంద్రం వరికి మద్దతు ధర లెక్క కట్టేటప్పుడు కూడా ఇంటిల్లిపాది చేసిన కష్టానికి ఒక విలువ వేస్తుంది. దాన్నే ఎ2 ప్లస్ ఎఫ్‌ఎల్ అంటారు. కానీ వరి తినాలి కాబట్టి పండిస్తారు. నా చేపల్ని నేను ఎవరూ కొనకపోయినా పెంచుతాను. ఆ ఇరవై నిమిషాలు నాకు రోజులో అన్నింటికంటే ఇష్టమైనవి. వాటికి కూలి అడగడం నాకు సబబనిపించలేదు. ఇది విని బాబాయి, "అయితే నీకు పిచ్చి" అని తేల్చేశాడు. కాసేపాగి ఇంకో మాట కూడా అన్నాడు. "అయినా నువ్వే నయం. రేటు నువ్వు చెప్తున్నావు. మా రొయ్యకి రేటు మేం చెప్పిన రోజు ఎప్పుడైనా చూశావా?"

చూడలేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్ళినప్పుడు బాబాయి చెరువులో రొయ్యకి ఏ జబ్బూ లేదు. నీళ్ళు బాగున్నాయి, మేత బాగా తింటోంది. అయినా రేటు పడింది. రేటు తన చేతిలో లేకపోవడం అంటే ఏంటో మా ఇంట్లో అందరం ఆ నెల చూశాం. అందుకే మా గప్పీల వ్యవహారం చిన్నదే అయినా నాకు తేలిగ్గా అనిపించదు. ఇక్కడ కొనేవాడికి ఏమీ తెలియదు, రేటు చెప్పేది అమ్మేవాడు. బాబాయి పరిస్థితికి సరిగ్గా ఉల్టా. ఆ అధికారం చేతికొచ్చినప్పుడు మనం ఏం చేస్తున్నాం?

అవనిగడ్డలో టెన్త్ చదివే ఒక అబ్బాయి ఉన్నాడు. వాడు పండగ డబ్బులు దాచుకుని, మాకు పరిచయం లేని ఒకాయన దగ్గర 700 పెట్టి ఒక జత కొన్నాడు. థాయిలాండ్ నుంచి వచ్చిన రకం, ప్యూర్ లైన్ అని చెప్పారట. మగచేప నిజంగానే చాలా బాగుంది. నెల తిరిగేసరికి ఆడది పిల్లల్ని పెట్టింది. అవి పెరిగాక చూస్తే సగానికి పైగా బూడిద రంగు మామూలు గప్పీలు. వాడు ఫోన్ చేసి అడిగితే, "అమ్మేటప్పుడు బానే ఉన్నాయిగా తమ్ముడూ" అని పెట్టేశారు. వాడు నాకు ఫోన్ చేశాడు. "అక్కా, నేనేమైనా తప్పు చేశానా? నీళ్ళు తేడానా?" అన్నాడు. నాకు కోపం వచ్చింది ఆ ప్రశ్నకే. డబ్బులు పోగొట్టుకున్నవాడు తప్పు తనలో వెతుక్కుంటున్నాడు.

నీళ్ళది కాదు తప్పు. ఆడ గప్పీ ఒకసారి మగదానితో కలిస్తే ఆ వీర్యాన్ని నెలల తరబడి లోపలే దాచుకోగలదు. అంటే మన దగ్గరికి వచ్చాక ఏ మగచేపతో ఉంచినా, అంతకుముందు ఏ తొట్టిలో ఎవరితో ఉందో వాటి పిల్లలే పుట్టొచ్చు. ఆడదాన్ని పిల్లగా ఉన్నప్పుడే వేరు చేసి పెంచారా లేదా అన్నది అమ్మేవాడికే తెలుస్తుంది. కవర్‌ని ఎంతసేపు ఎండలో పట్టుకుని చూసినా కొనేవాడికి కనపడదు.

దీని గురించి జార్జ్ ఎకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లోనే ఒక పేపర్ రాశారు. అయితే అది సెకండ్‌హ్యాండ్ కార్ల గురించి. అమెరికాలో డొక్కు కారుని నిమ్మకాయ అంటారు కాబట్టి దాని పేరు ‘నిమ్మకాయల మార్కెట్’. ఏది మంచి కారో ఏది నిమ్మకాయో కొనేవాడికి తెలియనప్పుడు, వాడు అన్నింటికీ మధ్యరకం రేటే ఇస్తానంటాడు. ఆ రేటుకి మంచి కారున్నవాడికి గిట్టదు, తప్పుకుంటాడు. మిగిలేవి నిమ్మకాయలు. ఎకర్లాఫ్‌కి 2001లో ఇంకో ఇద్దరితో కలిపి నోబెల్ ఇచ్చారు. అవనిగడ్డ అబ్బాయి ఇది చదవలేదు కానీ, "ఇంక ఎవరి దగ్గరా వందకి మించి కొననక్కా" అన్నాడు. అంటే అదే. వాడు ఇకమీదట నిజంగా ఏడాదిపాటు కష్టపడి లైన్ కాపాడుకున్నవాడికి కూడా వందే ఇస్తాడు.

700 అన్నది ఎక్కువ రేటని మాలో చాలామంది అన్నారు. నాకలా అనిపించదు. ఆడపిల్లల్ని వేరు చేసి, రెండు మూడు తరాలు లెక్క రాసుకుని పెంచినవాళ్ళు 700 అడిగితే అడగొచ్చు. మా ఊళ్ళోనే చిలకలపూడి ఉంది. అక్కడ చేసే రోల్డ్ గోల్డ్ గాజులు, గొలుసులు ఎక్కడెక్కడికో పోతాయి. అది బంగారం కాదని చేసేవాళ్ళకీ తెలుసు, కొనేవాళ్ళకీ తెలుసు. అందుకే అది మోసం కాదు, మంచి పని. అదే గొలుసుని బంగారమని చెప్పి సగం రేటుకే అమ్మినా మోసమే. కాబట్టి అంకె ఒక్కటే చూసి న్యాయమా అన్యాయమా చెప్పలేం. మామూలు చేపని మామూలు చేపే అని చెప్పి ఇవ్వడంలో తప్పేం లేదు.

నేనిప్పుడు ఫుల్ రెడ్ జత 150కి ఇస్తున్నాను. మేత, కరెంటు ఖర్చు 80 కదా, మిగతా 70 దేనికి అని గుడివాడ నుంచి ఒకన్నయ్య అడిగారు. ఆ డెబ్బై నా మాటకి. చేప వయసు ఎంత, తల్లీతండ్రీ ఫొటో, ఆడది ఏ మగచేపల దగ్గర పెరిగింది, ఈమధ్య ఏదైనా జబ్బు వచ్చిందా, ఇవన్నీ చిన్న కాగితం మీద రాసి కవర్‌తో ఇస్తాను. వారంలోపు చస్తే ఇంకోటి ఇస్తాను. కాగితం వద్దు, చేపలు చాలు అన్నవాళ్ళకి కూడా అదే రేటు. కాగితం వద్దనేవాళ్ళే తర్వాత ఎక్కువ ఫోన్లు చేస్తారు.

ఆ డెబ్బైలో నీళ్ళ ఖర్చు కూడా ఉంది. మా బోరు నీళ్ళు ఉప్పు. నా పెట్టెల్లో టీడీఎస్ 1100 పీపీఎం చూపిస్తుంది. గుడివాడ అన్నయ్య వాళ్ళ కుళాయి నీళ్ళు 250. ఉప్పు నీళ్ళలో పెరిగిన చేపని తీసి ఒక్కసారిగా అందులో వదిలితే రెండ్రోజుల్లో తోక ముడుచుకుని అడుగున కూర్చుంటుంది. అందుకని గుడివాడ వెళ్ళాల్సిన చేపల్ని వారం ముందే వేరే పెట్టెలోకి మార్చి, రోజుకి కొంచెం కొంచెం మంచినీళ్ళు కలుపుతాను. అదే కోడూరు, నాగాయలంక వైపైతే ఈ బాధ లేదు, వాళ్ళ నీళ్ళూ మా నీళ్ళలాంటివే. అయినా రెండు వైపులా ఒకటే రేటు పెట్టాను. దూరాన్ని బట్టి కాకుండా నీళ్ళని బట్టి రేటు మారుస్తానంటే నన్ను కాలేజీలో కూడా ఎవరూ నమ్మరు.

మరి తక్కువకి ఇచ్చేస్తే పోలా? మాలో కొందరు జత నలభైకి ఇచ్చేస్తారు. ఆ మధ్య గుడివాడలో ఒక అక్వేరియం షాపాయనతో మాట్లాడాను. ఆయన చెన్నై కొలత్తూరు నుంచి చేపలు తెప్పిస్తారు. దారిలో చచ్చినవి చావగా, అద్దె, కరెంటు, కుర్రాడి జీతం అన్నీ వేసుకుని ఫుల్ రెడ్ జత 200కి అమ్ముతారు. "మీరంతా బానే పెంచుతున్నారమ్మా. కానీ మీరు ఆడుకుంటున్నారు, నేను దీని మీద బతుకుతున్నాను" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, వాదించేదాన్ని. ఆ షాపు మూతపడితే అర్ధరాత్రి మోటారు పాడైనప్పుడు ఫోన్ చేయడానికి మాకు ఇంకెవరూ లేరు. నా మామూలు చేపల్ని నేనిప్పుడు ఎవరికీ అమ్మను. ఆయనకే ఇచ్చి బదులుగా మేత తెచ్చుకుంటాను.

ఊరికే ఇవ్వడం ఇంకా ప్రమాదం. అడిగిన ప్రతి పిల్లాడికీ కవర్‌లో పోసి ఇస్తే, మోజు తీరాక అవి వెళ్ళేది కాలువలోకి. దెయ్యం చేప అని మనవాళ్ళు పేరు పెట్టిన ఆ నల్ల చేప మీకు తెలిసే ఉంటుంది. దక్షిణ అమెరికాది. అక్వేరియాల్లో నాచు తింటుందని ట్యాంక్ క్లీనర్ పేరుతో అగ్గువకి అమ్ముతారు. అది అడుగు దాటి పెరుగుతుంది, అద్దాల తొట్టిలో పట్టదు, తీసుకెళ్ళి కాలువలో వదిలేస్తారు. ఇప్పుడు మన నదుల్లో, చెరువుల్లో వలలకి పడుతోంది. ఒళ్ళంతా గట్టి పెంకులు, ముళ్ళు. తినడానికి పనికిరాదు, వల చింపుతుంది. కొన్నవాడు ఇచ్చింది కొద్ది రూపాయలే. మిగతాది ఎక్కడో వల బాగుచేసుకుంటున్నవాళ్ళు కడుతున్నారు. అందుకే మా పదిహేను మందిలో దాన్ని ఎవరూ ఇవ్వకూడదు, ఎంత రేటొచ్చినా, అని ఒకే ఒక్క విషయంలో అందరం ఒప్పుకున్నాం. గప్పీల రేటు మీద మాత్రం ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాం. మాస్టారు గారైతే "పెంపుడు జీవికి రేటేంటండీ" అని ఇప్పటికీ డబ్బులు తీసుకోరు. కాకపోతే ముందు మీ తొట్టి ఫొటో పంపితేనే చేపలిస్తారు. ఆయన పద్ధతి నాకంటే కష్టమైనది.

అవనిగడ్డ అబ్బాయి తన దగ్గర పుట్టిన ఆ బూడిద రంగు పిల్లల్ని పారేయలేదు. ఎర్రగా వచ్చిన నాలుగింటిని వేరు చేసి, వాటి పిల్లల్ని పెంచుతున్నాడు. మొన్న కోడూరులో ఒకళ్ళకి జత 60 చొప్పున మూడు జతలు ఇచ్చాడట. కవర్ మీద స్కెచ్ పెన్‌తో రాసిన కాగితం ఫొటో నాకు పంపాడు: "నాలుగు నెలల చేపలు. పిల్లల్లో సగం బూడిద రంగు రావచ్చు. తెలిసి కొనగలరు." పదో తరగతి తెలుగు పరీక్ష రాసే ఊపులో ఉన్నాడు కాబట్టి ఆ ‘కొనగలరు’. నేను రెండు జతలు కావాలన్నాను. రెండూ కలిపి వందకివ్వరా అంటే, "లేదక్కా, మేత రేటు పెరిగింది, నూట ఇరవయ్యే" అన్నాడు. ఆదివారం మోపిదేవి దగ్గర ఇస్తానన్నాడు.