టాటానగర్‌లో ఒక పగలు, ఒక ఆట

తూర్పు ప్రాంతానికి బదిలీపై వచ్చిన తెలుగువాడికి కొలకత్తా మొదట నేర్పేది బెంగాలీ కాదు, ఫుట్‌బాల్. ఇల్లు అద్దెకు ఇచ్చేవాడు, చేపలమ్మేవాడు, కార్యాలయంలో పక్క కుర్చీ గుమాస్తా - అందరూ మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: మీరు మోహన్ బగానా, ఈస్ట్ బెంగాలా? మూడో సమాధానానికి అక్కడ తావు లేదు. నేను మోహన్ బగాన్ పక్షం చేరాను. చెప్పులు లేని కాళ్ళతో ఆడి, 1911 జులై 29న ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డును గెలుచుకొన్న జట్టు అన్న గౌరవమే దానికి కారణం.

ఆ 1911కే ఉక్కు పరిశ్రమలో పనిచేసే మనవంటివారికి మరొక విశేషముంది. ఆ సంవత్సరం డిసెంబరు 2న, కొలకత్తాకు సుమారు 250 కిలోమీటర్ల పడమట, సాక్చి అనే చిన్న పల్లెలో టాటావారి మొదటి బ్లాస్ట్ ఫర్నేసు రాజుకొంది. షీల్డు ఒక ఊరిది, ఉక్కు మరొక ఊరిది. నూట పద్నాలుగేళ్ళ తరువాత, 2025 ఏప్రిల్ 3వ తేదీ గురువారం, ఇండియన్ సూపర్ లీగ్ సెమీఫైనల్ మొదటి అంకంలో ఆ రెండు ఊళ్ళ జట్లు జంషెడ్‌పూర్‌లో తలపడుతున్నాయని తెలిసినప్పుడు ఒక రోజు సెలవు పెట్టక తప్పింది కాదు. మరొక ఆకర్షణ మా బావ. మా అమ్మ అన్నగారి కుమారుడు. ఆయన తాతగారి కాలంలో శ్రీకాకుళం జిల్లా నుండి వెళ్ళి అక్కడే స్థిరపడిన కుటుంబం. మూడు తరాలుగా కొలిమి పనే.

ఉదయం హౌరాలో బార్బిల్ జనశతాబ్ది ఎక్కాను. పెట్టెలో సగం మంది ఆకుపచ్చ, ముదురు ఎరుపు రంగుల చొక్కాలవారే. ఖర్గపూర్ ప్లాట్‌ఫారం మీద తెలుగు వినబడింది. ఆ స్టేషనులో తెలుగు వినబడకపోతేనే ఆశ్చర్యపడాలి; రైల్వే పనులతో పాటు వెళ్ళిన మనవారు ఆ ఊళ్ళో అంతగా పాతుకొనిపోయారు. ఝార్‌గ్రాం దాటిన తరువాత నేల ఎర్రబడుతుంది, సాలవనాలు మొదలవుతాయి. ఘాట్‌శిలలో హిందుస్థాన్ కాపర్ వారి రాగి కర్మాగారం ఉన్నదన్న సంగతి ప్రభుత్వ రంగ సోదరులకు వేరే చెప్పనక్కరలేదు.

టాటానగర్ స్టేషనుకు ఒకప్పటి పేరు కాలీమాటీ, అంటే నల్లమట్టి. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ వచ్చి సాక్చికి జంషెడ్‌పూర్ అని నామకరణం చేసినప్పుడు స్టేషను పేరు కూడా మారింది. పాత పేరు సాక్చిలో ఒక వీధికి మిగిలింది. తాతగారి తరంవారు మాత్రం బతికినన్నాళ్ళూ 'కాలిమట్టి' అనే అనేవారట. నల్లమట్టి కాస్తా మన నోట కాలినమట్టి అయింది. ఆ ఊరికి అంతకంటె తగిన పేరు ఏ వైస్రాయీ పెట్టలేడని నా అభిప్రాయం.

బావ స్కూటరు మీద వచ్చాడు. నా మెడలోని కండువా చూసి, "ఏటి బావా, ఆ రంగుల్తో మా ఊరొచ్చీసినావు?" అని అడిగాడు. దాన్ని సంచిలో పెట్టించిన తరువాతే బండి కదిలింది.

జంషెడ్‌పూర్‌ను చూసినవారెవరికైనా మొదట తోచేది, ఇది పెరిగిన ఊరు కాదు, కట్టిన ఊరు అని. 1902లో జంషెడ్‌జీ తన కుమారుడు దొరాబ్జీకి రాసిన ఉత్తరంలో విశాలమైన వీధులు, త్వరగా పెరిగే నీడచెట్లు, ఉద్యానాలు, అన్ని మతాల ప్రార్థనా స్థలాలు ఉండాలని చెబుతూ, ఫుట్‌బాల్‌కూ హాకీకీ పెద్ద మైదానాలు విడిచిపెట్టమని ప్రత్యేకంగా కోరాడు. అప్పటికి కర్మాగారానికి స్థలమే నిర్ణయం కాలేదు. ఇనుప ఖనిజం ఎక్కడ దొరుకుతుందో తేలకముందే బంతి ఎక్కడ దొర్లాలో ఆలోచించిన పారిశ్రామికుడు ప్రపంచంలో మరొకడున్నాడో లేదో! సాక్చికీ బిష్టుపూర్‌కూ నడుమ కర్మాగారం, దాని చుట్టూ ఊరు. ఒకవైపు సువర్ణరేఖ, మరొకవైపు ఖర్కాయి, అవి రెండూ కలిసే చోటు దోముహానీ. అల్లంత దూరంలో దల్మా కొండలు. సంస్థ స్వర్ణోత్సవ కానుకగా నిర్మించి, 1958 మార్చి 1న నెహ్రూగారు ప్రారంభించిన జూబిలీ పార్కులో ఒక గంట గడిపాము. మైసూరు బృందావనాన్ని తలపించే తోట. ఎండ తీవ్రత వల్ల గులాబీల కంటె చెట్ల నీడే మాకు ఎక్కువ రుచించింది. పార్కు బయట ధుస్కా తిన్నాము. బియ్యము, శనగపప్పు కలిపి రుబ్బి నూనెలో వేసే ఆ వంటకం మన గారెకు దూరపు బంధువు; చుట్టరికం కలుపుకొని మరొక నాలుగు తినవచ్చు.

బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరానికి వెళ్ళాము. ఉగాది వెళ్ళి నాలుగు రోజులు, శ్రీరామనవమి మరి మూడు రోజులకు. శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు తమ రాముణ్ణి తమతో తెచ్చుకొన్నారు. ఒక వృద్ధురాలు నన్ను మా ఊరి పేరు అడిగి, ఆ ఊరి చెరువు పేరు తానే చెప్పింది. ఆమె ఆ చెరువును చూసి ఎన్నేళ్ళయిందో నేను అడగలేదు.

భోజనాల వద్ద తెలిసింది, బావకు ఇది ఉద్యోగంలో చివరి సంవత్సరమని. క్వార్టరు ఖాళీ చేయాలి. ఉక్కునగరంలో నివసించే మన పాఠకులకు ఈ మాటలోని బరువు నేను వివరించనక్కరలేదు. కొలిమి దగ్గర పనిచేసేవాడి ఇల్లు కూడా కొలిమి ఇచ్చినదే. అక్కయ్యకు శ్రీకాకుళం వెళ్ళాలని ఉంది. అక్కడి పెంకుటిల్లు ఎప్పుడో కూలింది. అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది కాని జవాబు హిందీలో వస్తుంది. "ఎక్కడికెళ్తాం నాన్నా? మన ఊరు ఇదే కదా!" అన్నది ఆ పిల్ల, ఈసారి మాత్రం తెలుగులోనే. బావ మాట్లాడకుండా మజ్జిగన్నం ముగించి, లోపలికి వెళ్ళి ఎర్ర చొక్కా తొడుక్కొని వచ్చాడు.

చెక్ దేశంలో ఓస్త్రావా అనే నగరముంది. బొగ్గు గనుల మీద, ఇనుప కొలుముల మీద లేచిన ఊరు. అక్కడి జట్టు పేరు బానిక్, అంటే గనికార్మికుడు. 1828లో స్థాపించిన అక్కడి విత్‌కోవిత్సే ఇనుప కర్మాగారంలో కొలుములు 1998లో ఆరిపోయాయి, నేడు అది చూడవచ్చేవారికి ప్రదర్శనశాల. కొలిమి ఆరినా 'గనికార్మికుడు' మాత్రం ఇంకా మైదానంలోకి దిగుతూనే ఉన్నాడు. జంషెడ్‌పూర్ జట్టు అంత పాతది కాదు; 2017లో పుట్టింది. దాని అభిమానుల సంఘం కూడా తనను 'రెడ్ మైనర్స్' అనే పిలుచుకొంటుంది. క్రీడాంగణానికి అభిమానులు పెట్టుకొన్న ముద్దుపేరు 'ఫర్నేస్'. ఇరవై సంవత్సరాలు అసలైన ఫర్నేసు ఎదుట నిలబడిన బావ ఆ పేరు విని నవ్వలేదు, గర్వపడ్డాడు.

ఈ ఊరికి ఫుట్‌బాల్ కొత్త కాదు. కీనన్ స్టేడియం 1939 నాటిది. 1987లో స్థాపించిన టాటా ఫుట్‌బాల్ అకాడమీ నుండి కార్ల్‌టన్ చాప్‌మన్, రెనెడీ సింగ్, సుబ్రతా పాల్ వంటివారు వచ్చారు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాపై మొదటి గోలు చేసిన పి.కె. బెనర్జీ ఈ ఊరి పాఠశాలలోనే చదువుకొన్నాడు. తరువాత ఈస్టర్న్ రైల్వేలో ఉద్యోగిగా ఆడి, 1958లో ఆ ఉద్యోగుల జట్టుకే కొలకత్తా లీగును సంపాదించిపెట్టాడు. జకార్తాలో ఆ జట్టుకు శిక్షకుడెవరు? మన హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదు పోలీసు జట్టును 1950 నుండి వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ విజేతగా నిలిపినవాడు. పోలీసులు, రైల్వేవారు, కర్మాగారాలవారు ఆటగాడికి జీతమిచ్చి నిలబెట్టిన కాలమది. ఆ పద్ధతి పోయి జట్లు యజమానుల చేతికి వచ్చాయి. 2022లో సూపర్ లీగ్ కప్పు గెలిచిన హైదరాబాదు జట్టు 2025లోనే ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకొంది. జట్టుకు కూడా క్వార్టరు ఖాళీ చేయవలసి వస్తుందన్నమాట.

ఆట రాత్రి ఏడున్నరకు. జె.ఆర్.డి. టాటా క్రీడాప్రాంగణంలో సుమారు 24 వేల మంది పడతారు. అయిదింటికే బయట జనసముద్రం. మేము కూర్చున్నది ఊరివారి మధ్య; నా పక్షమేదో తెలిసినవాడు బావ ఒక్కడే. 2021-22లో ఈ జట్టు లీగ్ షీల్డు గెలిచింది, కాని మహమ్మారి కారణంగా ఆ ఆటలన్నీ గోవాలోనే జరిగినందున ఊరివారు ఆ విజయాన్ని కళ్ళారా చూడలేదు. ఆ ఆకలి గొంతుల్లో వినిపించింది. మోహన్ బగాన్ ఆ ఏడు 56 పాయింట్లతో షీల్డు గెలిచి వచ్చింది. ఖాలిద్ జమీల్ శిక్షణలోని జంషెడ్‌పూర్‌ది అయిదవ స్థానం.

24వ నిమిషంలో సివేరియో తలతో బంతిని వలలోకి పంపాడు. నా చుట్టూ అందరూ లేచారు. నేనూ లేవవలసి వచ్చింది, కూర్చుంటే ఏమీ కనపడదు కనుక. 37వ నిమిషంలో కమ్మింగ్స్ చాలా దూరం నుండి కొట్టిన ఫ్రీకిక్ వంపు తిరిగి మూల చేరింది. అంత అందమైన గోలుకు చప్పట్లు కొట్టకుండా చేతులు తొడల కింద పెట్టుకొని కూర్చోవడం నా అభిమాన జీవితంలో కఠిన పరీక్ష. బావ మాత్రం ముందుకు చూస్తూనే, "కొట్టు బావా, బాగుంది కదా" అన్నాడు.

రెండో సగమంతా బంతి ఎక్కువగా మావాళ్ళ వద్దే. ఊరివారు గోలు కాపాడుకొంటూ సమం చేస్తే చాలన్నట్లు ఆడారు. 90 నిమిషాలు నిండాయి. మరుక్షణం ఎదురుదాడి, జావీ హెర్నాండెజ్ బంతిని లోపలికి పంపాడు. 2-1. బావ అరవలేదు. ముఖానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకొని నిలబడ్డాడు. అమ్మాయి ఆయన మెడ చుట్టూ చేతులు వేసి గెంతుతోంది. నా జట్టు ఓడినందుకు నాకు కలగవలసిన బాధ ఎంతసేపు వెతికినా కనబడలేదు.

అర్ధరాత్రి దాటిన తరువాత హౌరా బండి. స్టేషనులో మా ఆకుపచ్చ చొక్కాలవారు లెక్కలు కడుతున్నారు - సొంత మైదానంలో రెండు గోలులు చాలునని. వారి లెక్క తప్పలేదు. ఏప్రిల్ 7న కొలకత్తాలో 51వ నిమిషంలో పెనాల్టీతో కమ్మింగ్స్, అదనపు సమయం నాలుగవ నిమిషంలో అపూయా గోలులు చేశారు. మొత్తం మీద 3-2తో మోహన్ బగాన్ ఫైనల్ చేరి, 12న బెంగుళూరును ఓడించి కప్పు కూడా గెలిచింది.

ఆ రాత్రి నేను ఫోన్ చేయలేదు, బావే చేశాడు. క్వార్టరు సంగతి ఏమయిందని అడిగాను. చూస్తున్నామన్నాడు. సూపర్ కప్పులో మళ్ళీ చూసుకొందామన్నాడు. అన్నట్లుగానే జంషెడ్‌పూర్ సూపర్ కప్ ఫైనల్ చేరింది. మే 3న భువనేశ్వర్‌లో గోవా చేతిలో 0-3తో ఓడింది. బావ, అమ్మాయి ఆ ఆటకు వెళ్ళి, ఆ రాత్రే బండెక్కి ఊరు చేరుకొన్నారు.