రోజ్‌హిల్‌లో ఒక సాయంకాలం

మారిషస్ వెళ్లిన మనవారు సాధారణంగా సముద్రతీరాలను, గంగా తలావ్‌ను, చెరకు తోటలను దర్శించి తిరిగివస్తారు. మేమూ ఆ కార్యక్రమాన్ని శ్రద్ధగానే నిర్వర్తించాము. అయితే మా బృందంలో, కార్యాలయ వినోద సంఘం తరఫున ఏటేటా బ్యాడ్మింటన్ పోటీలాడే మిత్రులు ముగ్గురున్నారు. ఆ దేశపు జాతీయ జట్టు సాధన చేసే చోటు చూడకుండా విమానమెక్కడానికి వారు ససేమిరా అన్నారు.

రాజధాని పోర్ట్ లూయిస్ నుండి రోజ్‌హిల్‌కు మెట్రో రైలున్నది. భారత ప్రభుత్వ ఆర్థిక సహాయంతో మన ఎల్ అండ్ టి సంస్థ నిర్మించిన ఈ మార్గపు తొలి దశ 2019 అక్టోబరులో ప్రారంభమైనది. రైలెక్కే ముందు రేవు పక్కనున్న ఆప్రవాసీ ఘాట్‌ను చూశాము. ఒప్పంద కూలీలుగా వచ్చిన లక్షలాది భారతీయుల స్మృతిచిహ్నమది. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ వలసజీవులలో గోదావరి ముఖాన ఉన్న మన కోరంగి రేవు నుండి ఓడలెక్కిన తెలుగువారూ ఉన్నారు. ఓడరేవు పేరే వారికి ఇంటిపేరైనట్లు, అక్కడ వారిని చాలకాలం ‘కోరంగీలు’ అని పిలిచేవారట. నేటికీ ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవుదినం.

రోజ్‌హిల్‌లోని జాతీయ బ్యాడ్మింటన్ కేంద్రం బయటికి ఆడంబరమేమీ లేని కట్టడం. లోపల తలుపులు, కిటికీలు అన్నీ బిగించి ఉన్నాయి. చెమటలు ధారలు కడుతున్నా ఫంకా తిరగడం లేదు. కారణం ఆటగాళ్లకు చెప్పనక్కరలేదు. పదహారు ఈకల బంతి బరువు 4.74 నుండి 5.50 గ్రాములు మాత్రమే. ఏ మూల నుండి చిరుగాలి వీచినా దారి తప్పుతుంది. ఆగ్నేయ పవనాలు నిరంతరం వీచే దీవిలో, 1975 నాటి జెర్వేజ్ తుఫాను వంటివి ఎన్నో చూసిన గడ్డపై, ఈ ఆట గట్టి కప్పు కింద తప్ప సాగదు. మన ఊళ్లలో వలె వీధిలో వల కట్టి ఆడుకుందామంటే కుదరదన్నమాట.

జట్టు సభ్యుల పేర్లు చదివితే ఓడరేవు దస్తరం తిరగేసినట్లే ఉంటుంది. కేట్ ఫూ కూన్‌ది చీనా వంశనామం. కోబితా దుఖీ, ఆతిష్ లూబా అన్నవి భారతీయ నామాలు. జార్జ్ జూలియన్ పాల్ పేరు క్రైస్తవ నామం. పన్నెండున్నర లక్షల జనాభా ఉన్న దేశమది. మన విశాఖపట్నం నగరంలోనే అంతకంటె ఎక్కువ మంది ఉన్నారు. అంత కొద్దిమందిలో నుండి ముగ్గురు సింగిల్స్‌కు, రెండు జంటలు డబుల్స్‌కు ప్రపంచస్థాయి వారిని ఎంచి తీయడమంటే మాటలు కావు.

మహిళల ప్రపంచ జట్ల పోటీయైన ఊబర్ కప్ తుది దశకు పదహారు దేశాలు అర్హత పొందుతాయి. ఆఫ్రికా ఖండం మొత్తానికి దక్కేది సాధారణంగా ఒక్క స్థానమే. 2016 ఫిబ్రవరిలో ఆఫ్రికా జట్ల పోటీలు ఈ రోజ్‌హిల్‌లోనే జరిగాయి. స్వదేశీయుల కళ్లముందే మారిషస్ మహిళలు విజేతలై, మే నెలలో చైనాలోని కున్‌షాన్‌కు వెళ్లారు. మన సింధు, సైనాలు ఆడిన భారత జట్టు కాంస్యం గెలిచినది ఆ పోటీలలోనే. 2018లో అల్జీర్స్‌లో, అంటే ఖండానికి మరో కొసన, మారిషస్ మహిళలు మళ్లీ గెలిచి బాంకాక్ చేరారు.

రెండుసార్లూ వారు గ్రూపు దశ దాటలేదు. ఇక్కడ ఒక నియమం గమనించాలి. గ్రూపు దశలో 0–3తో ఓటమి ఖాయమైనా మిగిలిన రెండు ఆటలూ ఆడి తీరవలసిందే. ఫలితం తేలిపోయిన తరువాత, చప్పట్లు సగమైన మందిరంలో ఆ నాల్గవ, ఐదవ ఆటలు ఆడే అమ్మాయిల మనఃస్థితిని పత్రికల స్కోరు పట్టికలు తెలుపవు. ఏదో ఒక గేములో పదిహేను పాయింట్లు సంపాదించడం కూడ వారికి ఒక మెట్టే. ఆ మెట్టు కోసం సముద్రాలు దాటి వెళ్లడం వృథాశ్రమ అనే వాదనతో మేము ఏకీభవించము.

ఎందుకంటే అలా తిరిగితేనే ర్యాంకింగ్ పాయింట్లు, వాటి వెంట ఒలింపిక్ ప్రవేశం. 2016 రియో క్రీడలలో మారిషస్ పతాకం పట్టి ముందు నడిచినది కేట్ ఫూ కూన్. జూలియన్ పాల్ టోక్యో క్రీడలలో ఆడాడు. 2024లో పారిస్‌కు వీరిరువురూ వెళ్లారు. ఆమె అప్పటికి కేట్ లుడిక్. అయితే ఊబర్ కప్‌లో ఆఫ్రికా స్థానం 2020, 2022లలో ఈజిప్టుకు, 2024లో ఉగాండాకు దక్కింది. ఒకప్పుడు చేతికందిన ఒక్క ఆసనం ఇంత త్వరగా చేజారుతుంది.

మన జట్టుకు, వారికి మధ్య జరిగిన పోరు కూడ ఒకటి చెప్పాలి. 2018 ఏప్రిల్‌లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల మిశ్రమ జట్ల విభాగంలో మారిషస్ క్వార్టర్ ఫైనల్ వరకు వచ్చి, భారత్ చేతిలో 0–3తో ఓడింది. చివరకు స్వర్ణం గెలిచిన ఆ భారత జట్టులో గుంటూరు శ్రీకాంత్, అమలాపురం సాత్విక్ సాయిరాజ్ ఉన్నారు. అమలాపురం నుండి కోరంగి ఎంత దూరమో గోదావరి జిల్లాల వారికి మేము చెప్పనక్కరలేదు. ఈ సంగతి చెప్పగా అక్కడి శిక్షకుడొకరు నవ్వి, ఆ ఓటమి తమకు గుర్తే గాని కోరంగి సంగతి మాత్రం తెలియదన్నారు.

చీకటి పడుతుండగా పెద్దల సాధన ముగిసి, పదేళ్ల పిల్లల తరగతి మొదలైనది. కొత్త ఈకబంతులు వారికి ఇవ్వరు; దూరదేశాల నుండి రావలసిన సరుకు కదా! పెద్దలు ఆడి వదిలిన వాటిలో ఈక విరగనివి ఒక బుట్టలో, ఒకటి రెండు విరిగినవి మరొక బుట్టలో వేరుచేస్తూ ఇద్దరు బాలికలు నేలపై కూర్చున్నారు. మా మిత్రులు ముగ్గురూ వారి పక్కనే చతికిలబడి, ఆ ఏరివేతలో సాయపడ్డారు.