గేటు దాటాలంటే... కాగితం ఉందా?

ఒకసారి ఎన్‌ఓసీ, ఇంకోసారి ఈ-పాస్, ఆ తర్వాత టీకా సర్టిఫికెట్. కరోనా రోజుల్లో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాసులు గడప దాటాలంటే చేతిలో ఏదో ఒక కాగితం ఉండాల్సి వచ్చింది. వాటిలో ఏ కాగితం ఏ గేటు తీయించింది? టీకా నిజంగా దారి తెరిచిందా?

హైదరాబాద్ నుంచి విజయవాడ బస్సెక్కినవాళ్లకు సూర్యాపేట అంటే టీ తాగే ఊరు. సగం దూరం వచ్చేశామని గుర్తు. డ్రైవరు పది నిమిషాలంటాడు, ఇరవై అవుతుంది. అక్కడి నుంచి ముప్పావుగంటలో కోదాడ. కోదాడ దాటి కాస్త ముందుకెళ్తే రామాపురం క్రాస్‌రోడ్డు, పాలేరు మీద వంతెన, అవతలి ఒడ్డున గరికపాడు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయ్యాక అది సరిహద్దు అయింది. అయితేనేం... బస్సులో కునుకు తీసేవాళ్లకు రాష్ట్రం మారిన సంగతే తెలిసేది కాదు.

మిర్యాలగూడది ఇంకో దారి. నార్కట్‌పల్లి నుంచి అద్దంకి పోయే రోడ్డు మీద దామరచర్ల దాటితే వాడపల్లి వస్తుంది. మూసీ వచ్చి కృష్ణమ్మలో కలిసేది అక్కడే. ఒడ్డున అగస్త్యేశ్వరుడి గుడి, నరసింహస్వామి గుడి. వంతెన దాటితే పొందుగల... పల్నాడు మొదలు.

కోదాడ నుంచి హైదరాబాద్ 180 కిలోమీటర్ల దాకా ఉంటుంది. విజయవాడ మాత్రం వంద లోపే. అందుకే పెళ్లి బట్టలకైనా, పెద్ద డాక్టరుకు చూపించుకోవాలన్నా కోదాడ వాళ్ల చూపు అటే. జగ్గయ్యపేట అయితే పక్కూరి లెక్క. మిర్యాలగూడ వాళ్లకు పిడుగురాళ్ల, గుంటూరు అలాంటివే. వియ్యంకులు అవతల, వ్యాపారాలు అవతల, పురిటికెళ్లిన అమ్మాయి అవతల. పైగా సూర్యాపేటకు, కోదాడకు రైలు లేదు. మిర్యాలగూడకైతే గుంటూరు లైను ఉంది. మిగతా రెండు ఊళ్లకూ రోడ్డే దిక్కు. ఆ రోడ్డు ఆగితే ఏమవుతుందో 2020 దాకా ఎవరూ ఊహించలేదు.

ఉగాది నాటి రాత్రి

2020 మార్చి 25. శార్వరి నామ సంవత్సర ఉగాది. దేశమంతా లాక్‌డౌన్‌కు అది మొదటి రోజు. హైదరాబాద్‌లో హాస్టళ్లు ఖాళీ చేయమన్నారు. తిండి దొరకదు, ఉండే చోటు లేదు. ఊరెళ్లిపోతామంటే పోలీస్‌స్టేషన్లలో ఎన్‌ఓసీలు రాసిచ్చారు. ఆ కాగితం పట్టుకుని బైకులు, కార్లలో వేలమంది బయల్దేరారు. సూర్యాపేట దాటారు, కోదాడ దాటారు. గరికపాడు దగ్గర ఆంధ్రా పోలీసులు ఆపేశారు. తెలంగాణ ఇచ్చిన కాగితం అక్కడ చెల్లదన్నారు. లోపలికి రావాలంటే 14 రోజులు క్వారంటైన్‌లో ఉండాల్సిందే! సరేనన్న కొందరిని నూజివీడు ట్రిపుల్ ఐటీకి తరలించారు. మిగిలినవాళ్లు చంటిపిల్లలతో సహా రోడ్డు మీదే. పొందుగల దగ్గర ఆ మర్నాడు పరిస్థితి చేయి దాటి రాళ్లు పడ్డాయి, లాఠీలు లేచాయి.

రోగం రాకుండా ఆపాలన్న ఆదుర్దాలో తప్పు పట్టడానికి లేదు. కానీ ఒక ప్రభుత్వం రాసిచ్చిన కాగితాన్ని వంతెన అవతలి ప్రభుత్వం పక్కన పెట్టేస్తే మధ్యలో నలిగేది ఎవరు? ఆ ప్రశ్న ఈ దారిలో మళ్లీ మళ్లీ తలెత్తింది.

ఏప్రిల్‌లో సూర్యాపేటకే వణుకు పుట్టింది. కూరగాయల మార్కెట్ ప్రాంతం నుంచి ఒకరి తర్వాత ఒకరికి పాజిటివ్... కేసులు 80 దాటాయి. ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి, డీజీపీ హైదరాబాద్ నుంచి వచ్చి చూసుకోవాల్సిన పరిస్థితి. 'సూర్యాపేట నుంచి వచ్చాం' అంటే చుట్టాలు కూడా రెండడుగులు వెనక్కి వేసిన రోజులవి.

అందరూ ఊళ్లకు పోతుంటే మిర్యాలగూడ వైపు మాత్రం మనుషులొచ్చారు! ఆసియాలోనే పేరున్న రైస్ మిల్లులు ఇక్కడివి. యాసంగి ధాన్యం కుప్పలుగా వచ్చి పడింది. బస్తాలు మోసే బిహార్ హమాలీలేమో హోలీకి ఊరెళ్లి లాక్‌డౌన్‌లో చిక్కుకుపోయారు. 2020 మే 8న బిహార్‌లోని ఖగడియా నుంచి ప్రత్యేక రైల్లో రెండొందల మందికి పైగా లింగంపల్లిలో దిగారు. అక్కడి నుంచి మిర్యాలగూడ సహా పలుచోట్ల మిల్లులకు బస్సుల్లో పంపించారు. దేశమంతా వలస కూలీలు సొంతూరి దారి పడితే ఈ రైలు ఎదురు నడిచింది.

ఆ ఏడాది మే 19 నుంచి తెలంగాణలో ఆర్టీసీ బస్సులు తిరిగాయి. సరిహద్దు దాటి మాత్రం పోలేదు. ఎవరి బస్సు ఎన్ని కిలోమీటర్లు తిరగాలన్నది రెండు ఆర్టీసీలకూ తెగలేదు. దసరా వచ్చేసింది. ఏపీఎస్‌ఆర్టీసీ గరికపాడు వరకు బస్సులు నడిపింది. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు కోదాడలో దిగి, ఆటో పట్టుకుని, సంచులు మోసుకుంటూ అవతలికి చేరి మరో బస్సెక్కారు. పండక్కి పుట్టింటికి వెళ్లడానికి ఇన్ని అవస్థలా! చివరికి నవంబరు 2న ఒప్పందం కుదిరింది. తెలంగాణలో ఏపీ బస్సులు 638, ఏపీలో తెలంగాణ బస్సులు 826. కిలోమీటర్లు మాత్రం ఇద్దరికీ దాదాపు సమానం... 1.61 లక్షల చొప్పున.

ఓ లింగా... ఓ టీకా!

2021 జనవరి 16న దేశంలో టీకాలు మొదలయ్యాయి. ముందు వైద్య సిబ్బందికి. అరవై దాటినవాళ్లకు, జబ్బులున్న నలభై అయిదు దాటినవాళ్లకు మార్చి 1 నుంచి. సరిగ్గా అప్పుడే సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో పెద్దగట్టు జాతర! రెండేళ్లకోసారి వచ్చే లింగమంతుల స్వామి జాతర అది. తెలంగాణలో మేడారం తర్వాత అంత పెద్దది. ఆ ఏడు ఫిబ్రవరి 28న మొదలైంది. గజ్జెల లాగులు, భేరీ మోతలు, 'ఓ లింగా' అంటూ గట్టెక్కే జనం. గట్టు హైవేను ఆనుకుని ఉండటంతో విజయవాడ వాహనాలను ఎప్పట్లాగే నల్గొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు మళ్లించారు. అలా మూడు ఊళ్లూ ఒకే జాతరకు కాపలా కాస్తాయన్నమాట.

ఆ రోజుల్లో రాష్ట్రంలో కేసులు రోజుకు రెండు వందలకు అటూ ఇటూ. కరోనా పోయిందనే అనుకున్నారంతా. టీకా కేంద్రాలేమో వెలవెలబోయాయి. జ్వరం వస్తుందట, వేసుకున్నాక కూడా వస్తుందట... 'అట'ల మీదే నడిచింది. ఏప్రిల్ చివరికి రోజుకు పది వేల కేసులు. అప్పుడు అదే టీకా కోసం తెల్లవారకముందే ఆసుపత్రుల ముందు క్యూలు. అప్పటికి వ్యాక్సిన్ లేదు!

ఈసారి గేటు ఇటువైపు నుంచి పడింది. 2021 మే 10న ఏపీ నుంచి కరోనా రోగులతో వస్తున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర ఆపేశారు. ఆక్సిజన్ పెట్టుకున్న మనిషి లోపల, కాళ్లావేళ్లా పడుతున్న కొడుకు బయట. హైకోర్టు గట్టిగా అడిగింది. ముందుగా ఆసుపత్రిలో బెడ్ ఖరారై, అనుమతి ఉంటేనే రావాలని ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది. మే 14న కోర్టు దాన్ని నిలిపేసింది. అంబులెన్సుకు దారి తీసింది టీకా కాదు, న్యాయస్థానం. ఆ మాట మరిచిపోకూడదు.

తెలంగాణలో మే 12 నుంచి మళ్లీ లాక్‌డౌన్. మే 23 నుంచి ఈ-పాస్ లేని వాహనాలను రామాపురంలో, వాడపల్లిలో వెనక్కి తిప్పారు. ఫోన్లో దరఖాస్తు పెట్టడం రానివాళ్లు మీసేవ కేంద్రానికి వెళ్దామన్నా పొద్దున్న కొన్ని గంటలే గడువు. జూన్ 10 నుంచి రాష్ట్రమంతా సాయంత్రం దాకా సడలింపు ఇచ్చినా, కేసులు తగ్గలేదని మిర్యాలగూడ సహా ఏడు నియోజకవర్గాల్లో మధ్యాహ్నంతోనే సరిపెట్టారు. అంటే ఆ పది రోజులూ సూర్యాపేటలో సాయంత్రం అయిదింటికి మూసే దుకాణం, మిర్యాలగూడలో ఒంటిగంటకే మూయాలి! జూన్ 20న లాక్‌డౌన్ ఎత్తేశాకే రామాపురం దగ్గర పాసు అడగడం మానేశారు.

టీకా సర్టిఫికెట్ చూపించి తెలంగాణ, ఆంధ్రా గేటు దాటాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు. మహారాష్ట్ర, కర్ణాటక వెళ్లినవాళ్లను కొన్నాళ్లు అడిగారు. ఇక్కడ అడగలేదు. మరి టీకా చేసిందేంటి? గేటు తీయలేదు... మనుషుల్ని ఇంట్లోంచి బయటికి తీసుకొచ్చింది. 2021 మే 28 నుంచి తెలంగాణలో జనంతో ఎక్కువ మసిలేవాళ్లకు ప్రత్యేకంగా టీకాలు వేశారు. రేషన్ డీలర్లు, గ్యాస్, పెట్రోలు బంకు కుర్రాళ్లు, కూరగాయలమ్మేవాళ్లు. ఏడాది క్రితం సూర్యాపేట ఏ మార్కెట్‌ను చూసి భయపడిందో, అలాంటి మార్కెట్ల వాళ్లకే ముందు వరస! పక్క సీట్లో దగ్గు వినపడితే బస్సు దిగిపోయే భయం ఆ తర్వాతే మెల్లగా తగ్గింది. 'భోంచేశారా' అనే పలకరింపు పోయి 'వేయించుకున్నారా' వచ్చింది. వెంటనే రెండో ప్రశ్న... 'కొవిషీల్డా, కొవాగ్జినా?'

ఇంటిపేరు ముందా, వెనకా?

ఆ రెండో ప్రశ్న ఊరికే కాలక్షేపానికి కాదు. ఈ మూడు ఊళ్లలో అమెరికాలో పిల్లలున్న ఇళ్లు ఎన్నో. టీకా కాగితానికి అసలు విలువ తెలిసింది ఆ ఇళ్లలోనే. 2021 మే 4 నుంచి అమెరికా భారత్ నుంచి వచ్చే సందర్శకులకు తలుపు మూసింది. కూతురి పురుడికి వెళ్లాల్సిన అమ్మలు, మూటగట్టిన మునక్కాయ పొడి, కారప్పొడి అలాగే పెట్టుకుని కూర్చున్నారు. మనవణ్ని మొదటిసారి వీడియో కాల్‌లో చూశారు. అటునుంచి రాలేని కొడుకులకు తండ్రి అంత్యక్రియలూ వీడియో కాల్‌లోనే.

చదువుకు వెళ్లే పిల్లలకు ఆగస్టు నుంచి దారి ఇచ్చారు. వాళ్లకోసం హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎంలో జూన్ 5 నుంచి ప్రత్యేకంగా టీకాలు వేశారు. అప్పుడు సడలింపు మధ్యాహ్నం ఒంటిగంట వరకే, ఇల్లు చేరడానికి మరో గంట. సూర్యాపేట నుంచి రానూపోనూ ఆరు గంటల దారి. లెక్క చూసుకోండి! కొవిషీల్డ్ రెండు డోసుల మధ్య 12 వారాలు ఆగాలన్న నిబంధనను విదేశాలకు వెళ్లేవాళ్లకు 28 రోజులకు తగ్గించారు.

కొవాగ్జిన్ వేసుకున్నవాళ్లది మరో బాధ. హైదరాబాద్ శివారు జీనోమ్ వ్యాలీలో, మన ముంగిట్లో తయారైన టీకా అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం మాత్రం 2021 నవంబరు 3 దాకా రాలేదు. ఈలోపు అమెరికా వెళ్లిన విద్యార్థుల్లో చాలామందిని యూనివర్సిటీలు అక్కడ మళ్లీ వేరే టీకా వేసుకోమన్నాయి. నవంబరు 8న రెండు డోసులు పూర్తయిన సందర్శకులకు అమెరికా తలుపు తీసింది. ఆ అయిదు రోజుల తేడాతో కొవాగ్జిన్ వేసుకున్న అమ్మానాన్నలు గట్టెక్కారు.

అక్కడితో అయిపోయిందా అంటే లేదు. సర్టిఫికెట్ మీద పేరు ఆధార్‌లో ఉన్నట్టు, పాస్‌పోర్టులో ఇంకోలా. మనకేమో ఇంటిపేరు ముందు. పాస్‌పోర్టులో వెనక. ఆధార్‌లో ఒక్క అక్షరం. పుట్టినరోజు బదులు వయసు మాత్రమే ఉండేది. బ్రిటన్ పేచీ పెట్టాక ఆ ఏడాది సెప్టెంబరు చివర్లో పూర్తి తేదీ చేర్చే వీలు కల్పించారు. జీవితంలో ఏ సంతకానికీ ఇంత హైరానా పడని పెద్దవాళ్లు ఆ క్యూఆర్ కోడ్ కాగితానికి లామినేషన్ చేయించి బీరువాలో పట్టు చీరల మధ్య దాచారు.

2021 డిసెంబరు ఆఖరుకు రాష్ట్రంలో అర్హులందరికీ మొదటి డోసు పూర్తయిందని ప్రభుత్వం ప్రకటించింది. కొద్ది రోజులకే ఒమిక్రాన్ విజృంభించింది. బళ్లు మూశారు, జ్వరాలు ఇంటింటికీ వచ్చాయి. టీకా రోగాన్ని పూర్తిగా ఆపలేదు. కానీ ఆసుపత్రి దాకా వెళ్లాల్సినవాళ్లు ముందు ఏడాదితో పోలిస్తే బాగా తక్కువ. 2022 సంక్రాంతికి ఎవరూ గరికపాడు దగ్గర ఆగలేదు. చౌటుప్పల్ పక్క పంతంగి టోల్‌గేటు దగ్గర మాత్రం ఆగారు... అది ప్రతి ఏటా ఉన్నదే!

విదేశాల కాగితాలూ ఒక్కొక్కటే పోయాయి. అమెరికా విమానం ఎక్కే ముందు పరీక్ష 2022 జూన్‌లో, టీకా నిబంధన 2023 మేలో ఎత్తేశారు. 2023 ఫిబ్రవరిలో పెద్దగట్టు జాతర మళ్లీ వచ్చింది. వాహనాలు మళ్లీ మిర్యాలగూడ మీదుగా తిరిగాయి. కొండెక్కేవాళ్లలో మాస్కు వెతికినా కనపడలేదు.

గేటు మాత్రం పూర్తిగా పోలేదు. 2024 సెప్టెంబరు 1న వరదకు పాలేరు పొంగి గరికపాడు వంతెన దగ్గర రోడ్డు కొట్టుకుపోతే రాకపోకలు ఆగాయి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర మళ్లీ చెక్‌పోస్టు పెట్టారు. ఈసారి మనుషుల్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఆంధ్రా నుంచి వచ్చే కోళ్ల లారీలను ఆపి, వచ్చిన దారినే వెనక్కి పంపించారు.