పోచంపాడు ప్రయాణమునకు సన్నాహము

వార్షిక పరీక్షలు ముగియుటకు ఇంక కొలది దినములున్నవనగా పై తరగతుల విద్యార్థులు మమ్ము చుట్టుముట్టి, ఈ వేసవిలో ఏదేని యొక జలాశయమునకు తోడుకొని పొమ్మని కోరిరి. మే మాసమున నిప్పులు చెరుగు ఈ జగిత్యాల సీమలో పిల్లలకు నీటిపై మనసు పోవుట వింత గాదు. సరే యంటిమి. అయితే విహారయాత్ర యనగా బస్సు నెక్కుట, పులిహోర తినుట, ఫోటోలు దిగుట యని వారి యూహ. దాని వెనుక నెంత ఆలోచన యుండునో తలిదండ్రులును పిల్లలును ఎఱుగుట మంచిదని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నారము.

మొదట స్థలనిర్ణయము. మా సహోపాధ్యాయులు కొందఱు మెదకు వైపు మొగ్గిరి. 1924లో ప్రతిష్ఠింపబడిన మహాదేవాలయమును, 1916 మొదలు 1922 వఱకు ఆలేరు వాగుపై కట్టబడిన పోచారము జలాశయమును ఒక్క దినముననే చూడవచ్చునని వారి వాదము. వాదము మంచిదే కాని, మన ఇబ్రహీంపట్నము నుండి ఆ దూరము ఎండలో ఒక్క పగటిలో పోయి వచ్చుట చిన్నవారికి దుర్భరము. బాలురు కరీంనగరు నందలి దిగువ మానేరు జలాశయమును కోరిరి. కారణము చెప్పనక్కఱలేదు, అచ్చట పడవ షికారు కలదు! మేము మాత్రము పోచంపాడు నందలి శ్రీరామసాగరమునే నిశ్చయించితిమి.

ఏల యనగా, ఒకనాడు తరగతిలో “మన కాలువ నీరు ఎక్కడి నుండి వచ్చును?” అని యడుగగా ఒక బాలుడు తడుముకొనక “తూము నుండి” అనెను. తప్పు గాదు గాని సగము జవాబు. మన వరిమడిని, పసుపు చేనిని తడుపు ఆ నీరు గోదావరిది. 1963 జూలై 26వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట నుండి కాకతీయ కాలువ బయలుదేరి, మన ప్రాంతము మీదుగా సాగి, 146 కిలోమీటర్లు నడచి దిగువ మానేరులో కలియును. అనగా బాలురు కోరిన కరీంనగరు నీరును మన ముంగిటి మీదుగా పోయినదే! మూలము చూడనిదే కొస చూచి యేమి ఫలము?

“సారూ, అప్పుడు గేట్లు తెఱచి యుండునా?” అని ఒక బాలిక ప్రశ్న. ఉండవు. 42 ద్వారములలో ఒక్కటియు తెఱవబడదు. అవి తెఱచుట చూడగోరువారు వానకాలమున వరద వచ్చినప్పుడు పోవలెను. ఎగువన మహారాష్ట్రమునందలి బాబ్లీ ఆనకట్ట ద్వారములు సైతము, 2013 నాటి సర్వోన్నత న్యాయస్థానపు తీర్పు ననుసరించి, జూలై 1 నుండి అక్టోబరు 28 వఱకే తెఱచియుండును. వేసవిలో జలాశయము తీరము వదలి చాల దూరము వెనుకకు పోవును. ఇది విని పిల్లల ముఖములు చిన్నబోయినవి. మాకు మాత్రము జలాశయమును చూచుటకు వేసవియే తగిన కాలమని తోచుచున్నది. నిండుకుండ తన లోపలి దానిని చూపదు. నీరు తగ్గినప్పుడే అడుగున పేరుకొన్న ఒండ్రు కనబడును, 112 టి.ఎం.సి.ల కొలతతో తలపెట్టిన జలాశయపు సామర్థ్యమును ఏటేట హరించుచున్నది ఆ మన్నే. మునిగిపోయిన పల్లెల యానవాళ్లును అప్పుడే బయటపడును. మన పంట కొఱకు ఎవరి యిల్లో నీట కలిసినదని పిల్లలు ఒక్కసారి కన్నులార చూడవలదా? నందిపేట వైపున నీరు తీసిన పచ్చికపై కృష్ణజింకలు మేయుననగా, చిన్నబోయిన ముఖములు కొంత తేఱినవి.

ఇక స్నానము మాట. దీనిపై జరిగినంత వాదము మఱి దేనిపైనను జరుగలేదు. “మాకు ఈత వచ్చును, బావిలో నేర్చితిమి” అని బాలుర మొఱ. బావి వేఱు. జలాశయపు అడుగు సమముగా నుండదు. మోకాలి లోతున నడచువాడు మఱుక్షణమున పాత గుంటలో పడవచ్చును, ఒండ్రులో కాలు దిగబడవచ్చును. కాలువ ఇంకను చెడ్డది. సిమెంటు గట్టు వాలుగా నుండి నాచు పట్టియుండును. పట్టుకొనుటకు గడ్డిపోచయైన నుండదు. నీటి వడి నిలువనీయదు. మునుగువానిని కాపాడ దూకినవాడును వానితోడనే పోవుట మనము ప్రతి వేసవిని వినుచునే యున్నాము. గట్టుపై నుండి త్రాడో, చీరయో, కఱ్ఱయో అందించి, కేక వేసి పెద్దలను పిలువవలెనే కాని దూకరాదని తరగతిలో మూడుమాఱులు చెప్పించితిమి.

సమ్మతిపత్రముల కొఱకు ఇండ్లకు పోతిమి. పెక్కిండ్లలో తండ్రులు దుబాయిలోనో మస్కటులోనో యున్నారు. తాతలు, అవ్వలు వ్రేలిముద్ర వేసిరి. ఒక యింట బీడీలు చుట్టుచున్న తల్లి చేట ప్రక్కకు పెట్టి మా మాట విన్నది. నాలుగేండ్ల క్రిందట ఆమె పెద్ద కుమారుడు బఱ్ఱెను కడుగబోయి కాలువలో పోయినాడు. “సారూ, నలభై మంది పిల్లలకు పెద్దోళ్లు ఎంతమంది వస్తుండ్రు?” అని మాత్రము అడిగినది. ముగ్గురమంటిమి. ఆమె కాదనలేదు, ఔననలేదు; “ఆలోచన జేస్త సారూ” అని మరల చేట నొడిలోనికి తీసికొన్నది.

నాటి రాత్రియే మాటలాడి ఐదుగురమైతిమి. ఒక్కొక్కరికి ఎనమండుగురు పిల్లలు. గంటకొకసారి పేరుపేరున లెక్క. నీటి యంచునకు ఇరువది యడుగుల ఈవలనే కూర్చుండుట. గురువారము ఉదయము 5 గంటలకు బస్సు బయలుదేరి, కమ్మరుపల్లి, ఆర్మూరు మీదుగా పోవును; ఎండ ముదురకముందే ఆనకట్ట చూచి నీడకు చేరవలెను. ప్రతివారును రెండు సీసాల నీరు, తలగుడ్డ, మధ్యాహ్నపు సద్ది తెచ్చుకొనవలెను. రుసుము కట్టలేనివారు మాతో చెవిలో చెప్పిన చాలును.

ఇప్పటికి 39 పత్రములు చేరినవి. పెద్దలము ఐదుగురమని ఆ తల్లికి కబురు పంపితిమి. ఆమె చిన్న కుమారుని పేరు జాబితాలో కడపట నున్నది; బుధవారము సాయంకాలము వఱకు దానిని కొట్టివేయము.